జపాన్ 'అతి' యాక్షన్ సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెయ్యి తెగిన అమ్మాయి ఆ మొండిచేతికి మెషీన్‌గన్ బిగించుకుని పగ తీర్చుకోవడానికి బయల్దేరే సినిమా నాకు చాలా ఇష్టం. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, కాసేపాగి మెల్లగా అడగడం మొదలుపెడతారు. పదేళ్లుగా అవే ప్రశ్నలు. ఎక్కడ మొదలుపెట్టాలి? అంత రక్తం ఎందుకు? ఇవి చూసి ఆనందించడం తప్పు కాదా? ఒక్కొక్కరికీ ఫోన్లో విడిగా టైపు చేసే బదులు జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి నేరుగా వెళ్లిపోండి.

## చూడాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి

కత్తి పట్టిన జపాన్ సినిమాలన్నీ ఈ కోవలోకే వస్తాయా?

రావు. సమురాయ్ కథల్లో నిదానంగా, గంభీరంగా సాగేవి బోలెడున్నాయి. నేను చెప్పేది కొలత దాటడమే పనిగా పెట్టుకున్న సినిమాల గురించి. వేలు తెగితే నెత్తురు పైకప్పుకి చిమ్ముతుంది. గీషా, అంటే ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణి, నడుం కింద భాగం యుద్ధట్యాంకుగా మారిపోతుంది. 2008లో వచ్చిన 'ద మెషీన్ గర్ల్', 'టోక్యో గోర్ పోలీస్', 2009లో 'రోబోగీషా', 2010లో 'ఏలియన్ వర్సెస్ నింజా' ఈ గుంపులో ముందు వరసవి. వీటికి పెద్దలు 1970ల నాటి కత్తియుద్ధం సినిమాలు. వాటిని జపాన్‌లో 'చాంబరా' అంటారు. కత్తులు తగిలే చప్పుడు వాళ్ల చెవికి 'చాన్‌చాన్ బారాబారా' అని వినిపిస్తుంది, పేరు అందులోంచే పుట్టింది. మనం ఫైటింగుని ఢిష్యుం ఢిష్యుం అన్నట్టే.

ఇలాంటివి చూసి నవ్వు వస్తోంది, తర్వాత గిల్టీగా ఉంటోంది. నాలో ఏమైనా లోపమా?

లోపం లేదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీద ఒకళ్లనొకళ్లు చితక్కొట్టుకుంటుంటే ముందు వరసలో పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ దెబ్బలకి నొప్పి లేదని పిల్లలకి తెలుసు. అది తోలు, వెనక దీపం, ఆడించే చెయ్యి. ఈ సినిమాల్లో శరీరం కూడా అలాంటి బొమ్మే. తల ఎగిరిపడుతుంది, మెడలోంచి ఫౌంటెన్ లేస్తుంది, మొండెం ఇంకా రెండడుగులు నడుస్తుంది. అక్కడ మీరు చూస్తున్నది మనిషి బాధని కాదు, ఒక బొమ్మని ఎంత దూరం లాగొచ్చో చేసిన ప్రయోగాన్ని.

అలాగని అన్నీ ఒకటే అనను. ఈ దారిలోనే నొప్పిని నిజంగా నొప్పిలా చూపించే సినిమాలూ ఉన్నాయి. తకాషి మీకే తీసిన 'ఇచి ద కిల్లర్' (2001) అలాంటిది. బ్రిటన్‌లో సెన్సారు మూడు నిమిషాలకు పైగా కత్తిరించాకే వదిలింది. దాంట్లో ఆడవాళ్లని హింసించే దృశ్యాలు నేను ఇప్పటికీ చూడలేను, ఎవరికీ చూడమని చెప్పను. మనసు 'ఇది బొమ్మ కాదు' అన్నచోట ఆపేయండి. ఆ మాట వినిపిస్తోందంటే మీ మనసు బాగానే ఉంది.

జపాన్‌లో జనం అందరూ ఇవే చూస్తారా?

చూడరు. అక్కడ థియేటర్లు నింపేవి యానిమే (జపాన్ బొమ్మల సినిమాలు), కుటుంబ కథలు, టీవీ సీరియళ్ల కొనసాగింపులు. 'ద మెషీన్ గర్ల్', 'టోక్యో గోర్ పోలీస్' రెండింటికీ డబ్బు పెట్టింది అమెరికా పంపిణీ సంస్థ మీడియా బ్లాస్టర్స్. 1912లో పుట్టిన పాత స్టూడియో నిక్కట్సు కూడా ఈ తరహా సినిమాల కోసం 2010లో 'సుషీ టైఫూన్' అని ప్రత్యేకంగా ఒక లేబుల్ పెట్టింది. ఆ పేరు వింటేనే తెలుస్తుంది, వాళ్ల చూపు విదేశీ అభిమానుల మీద ఉందని. మొత్తం దేశం అభిరుచిని ఈ సినిమాలతో కొలవకండి.

మన సినిమాల్లోనూ టాటా సుమోలు గాల్లోకి లేస్తాయి కదా. తేడా ఏంటి?

మన దగ్గర అతి అంతా హీరోని ఎత్తడానికే. అతను నడిచొస్తే గాలి వీస్తుంది, కొడితే పదిమంది ఎగురుతారు, చొక్కా మాత్రం నలగదు. జపాన్ వాళ్ల అతి హీరో ఒంటి మీదే మొదలవుతుంది. చెయ్యి పోతుంది, కాలు పోతుంది, ఆ ఖాళీలో ఆయుధం మొలుస్తుంది. పోగొట్టుకున్నచోటే బలం వస్తుంది. నన్ను వీటికి కట్టిపడేసింది ఆ లెక్కే.

ఇష్టం మాత్రం ఒకవైపుదే కాదు. 'బాహుబలి 2'కి జపాన్‌లో కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు పెట్టారు, 2018లో రాజమౌళి వెళ్లి అలాంటి ప్రదర్శనలో కూర్చున్నారు. 2022 అక్టోబర్ 21న అక్కడ విడుదలైన 'ఆర్ఆర్ఆర్', జపాన్‌లో భారతీయ సినిమాల వసూళ్లలో 1998 నుంచి రజనీకాంత్ 'ముత్తు' పేరు మీదున్న రికార్డుని దాటేసింది. 2024 జనవరిలో, మగ పాత్రలు కూడా ఆడవాళ్లే వేసే తకరజుకా నాటక బృందం దాన్ని రంగస్థలం మీద ఆడింది. మన అతి వాళ్లకి అర్థమైంది, వాళ్లది మనకి అర్థం కాదనుకోవడానికి కారణం లేదు.

## మొదటి సినిమా పెట్టుకునే రోజు

ఒక్కటే చూస్తాను. ఏది చూడమంటారు?

'ద మెషీన్ గర్ల్'. దర్శకుడు నొబోరు ఇగుచి, 2008. అమి అనే స్కూలు అమ్మాయి తమ్ముణ్ణి తోటి కుర్రాళ్లు చంపేస్తారు. వాళ్లలో ఒకడి తండ్రి నింజాల వంశానికి చెందిన యాకుజా, అంటే అక్కడి మాఫియా మనిషి. న్యాయం అడగడానికి అమి ఒక కుర్రాడి ఇంటికి వెళ్తుంది. అక్కడి దృశ్యం ఒక్కటి చెప్తాను. ఆ ఇంటివాళ్లు ఆమె చేతిని పట్టుకుని టెంపురా పిండిలో ముంచి, సలసల కాగే నూనెలో పెడతారు. టెంపురా అంటే మన బజ్జీకి దగ్గర చుట్టం. చెయ్యి బయటికి వచ్చేసరికి మోచేతి దాకా బంగారు రంగులో కరకరలాడే పొర, అంచుల్లో పిండి పూసలు. మా పెద్దమ్మ కొడుకు నాతో కూర్చుని చూస్తూ నోటి దాకా తెచ్చిన మిరపకాయ బజ్జీని అలాగే గాల్లో ఆపేశాడు. ఆ సీను నడుస్తున్నంతసేపూ ఆ బజ్జీ అక్కడే ఉంది.

భయం, నవ్వు, ఆకలి ఒకేసారి కలగజేసే సీను ఇంకే దేశపు సినిమాలోనూ నాకు తగల్లేదు. ఆ తర్వాత యాకుజా చేతిలో ఆమె చెయ్యి తెగిపోతుంది. తమ్ముడితోపాటు చనిపోయిన కుర్రాడి తల్లిదండ్రులు మెకానిక్ షెడ్డు నడుపుతుంటారు, మెషీన్‌గన్ తయారయ్యేది అక్కడే. పిల్లల్ని పోగొట్టుకున్న పెద్దవాళ్లు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క ఒకచోట చేరడమే కథకి గుండె.

నెత్తురు చూడలేను, అయినా ఒకటి చూడాలని ఉంది. దారేమైనా ఉందా?

'బేబీ అసాసిన్స్' (2021) పెట్టుకోండి. దర్శకుడు యుగో సకమోతో. హైస్కూలు అప్పుడే పూర్తిచేసిన ఇద్దరు అమ్మాయిలు కిరాయి హంతకులు. ఇకమీద ఒకే గదిలో ఉండి, మామూలు మనుషుల్లా పార్ట్‌టైమ్ ఉద్యోగం చూసుకోమని సంస్థ ఆదేశిస్తుంది. మనిషిని చంపడం వాళ్లకి తేలిక, ఉద్యోగం ఇంటర్వ్యూ కష్టం. ఇద్దరిలో సావొరి ఇజావా స్వతహాగా స్టంట్ కళాకారిణి, 'జాన్ విక్ 4'లో డూప్‌గా చేసింది. ఆమె చివరి ఫైటు చూస్తే చేతులు ఎక్కడున్నాయో కన్ను పట్టుకోలేదు. చావులున్నాయి, రక్తం కొంచెం ఉంది, పంపులు పెట్టి చిమ్మడం మాత్రం లేదు.

పాతవి ముందు చూడాలా, కొత్తవా?

కొత్తవి రెండు చూసి వెనక్కి వెళ్లండి. ముందే పాతవి చూస్తే అవి మామూలు సమురాయ్ సినిమాల్లా కనిపించి, వాటిలోని తెగింపు కంటికి ఆనదు. వెనక్కి వెళ్లినప్పుడు మొదటి మజిలీ 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్'. 1972 నుంచి 1974 లోపు ఆరు సినిమాలు. షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) దగ్గర తలలు నరికే ఉద్యోగం చేసిన సమురాయ్ కుట్రకి బలై, పసివాడైన కొడుకుని చెక్కబండిలో కూర్చోబెట్టుకుని కిరాయికి హత్యలు చేస్తూ దేశం తిరుగుతాడు. ఆ బండిలో కత్తులు దాగి ఉంటాయి. హీరో తోమిసాబురో వకాయామా బొద్దుగా, బరువుగా కనిపిస్తాడు, కత్తి తీసినప్పుడు మాత్రం ఆ బరువంతా ఎటు పోతుందో తెలీదు.

రెండో మజిలీ 'లేడీ స్నోబ్లడ్' (1973). తెల్లటి మంచు, తెల్లటి కిమోనో, వాటి మీద ఎర్రటి చారలు, మధ్యలో మెయికో కాజి కళ్లు. ఆమె పాడిన పాటని తర్వాత హాలీవుడ్ సినిమా 'కిల్ బిల్'లో వాడుకున్నారు. మూడోది సానీ చిబా 'ద స్ట్రీట్ ఫైటర్' (1974). అందులో ఒక పిడిగుద్దు పడగానే తెర ఎక్స్‌రేగా మారి పుర్రె పగలడం చూపిస్తుంది. యాభై ఏళ్ల కిందట!

డబ్బింగ్‌లో చూడొచ్చా?

వద్దు. ఈ సినిమాల్లో అరుపే సగం నటన. పేరు పెట్టి అరిచి కొట్టడం, కొట్టాక పళ్లు కొరికి మాట్లాడటం డబ్బింగులో చప్పబడిపోతాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వాక్యాలు చిన్నవే.

## చూస్తుండగా వచ్చే సందేహాలు

అంత రక్తం ఎక్కడిది? మనిషిలో అంతుండదు కదా!

మనిషి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. తెరమీద బకెట్ల లెక్క. ఈ అలవాటుకి మూలం వెతికితే చాలామంది చూపించేది ఒక పెద్దమనిషి సినిమాని, 1962లో అకిరా కురొసావా తీసిన 'సంజురో'. చివర్లో తోషిరో మిఫునే, తత్సుయా నకడాయ్ ఎదురెదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడతారు. చాలాసేపు ఎవరూ కదలరు, చూసేవాళ్లకి ఊపిరి బిగుసుకుపోతుంది. కత్తులు ఒక్కసారే బయటికొస్తాయి. నకడాయ్ ఛాతీలోంచి నల్లటి ధార బుస్సుమని ఎగజిమ్ముతుంది, ఎందుకంటే అది నలుపు తెలుపు సినిమా. దుస్తుల కింద గొట్టం పెట్టి, ఎక్కువ ఒత్తిడితో ద్రవాన్ని వదిలారు.

ఆ ఒక్క ధార తర్వాతివాళ్లకి దారి తీసింది. 1970లలో రంగు చేరింది, ఆ ఎరుపు దాదాపు కుంకుమ రంగు. 2008 నాటికి యొషిహిరో నిషిముర లాంటి మేకప్ కళాకారులు పంపుల్ని కథలో పాత్రలంత ముఖ్యం చేశారు.

గ్రాఫిక్స్ ఇంత నాసిగా ఉన్నాయేంటి?

కంప్యూటర్ పని చాలాచోట్ల నాసిగానే ఉంటుంది, డబ్బు లేదు. మీరు చూడాల్సింది చేతిపని. 1954లో 'గోడ్జిల్లా' తీసినప్పుడు హరువో నకాజిమా దాదాపు 100 కిలోల రబ్బరు సూట్ వేసుకుని, ఎయ్జి త్సుబురాయా బృందం కట్టిన బుల్లి టోక్యోని తొక్కుకుంటూ నడిచాడు. లోపల మనిషున్నాడని అందరికీ తెలుసు, అయినా నమ్మారు. సూట్లు, నమూనా ఊళ్లు, బాణసంచాతో చేసే ఈ పనిని 'తొకుసాత్సు' అంటారు. నిషిముర లాంటివాళ్లు ఆ ఇంటి పిల్లలే. రబ్బరు చేతులు, కరిగే మొహాలు, మనిషి లోపల కూర్చున్న రాక్షసులు.

పంపు రక్తాన్ని, కంప్యూటర్ రక్తాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. కంప్యూటర్‌ది గాల్లోనే మాయమవుతుంది. పంపుది నటి మొహం మీద పడుతుంది, ఆమె కనురెప్ప ఒక్కసారి అదురుతుంది, చుక్క గడ్డం దాకా జారుతుంది, తర్వాతి షాట్‌లో ఆ మరక అక్కడే ఉంటుంది. నేను ఆ కనురెప్ప కోసం చూస్తాను.

ఇంత విడ్డూరంలో నటులు నవ్వకుండా ఎలా చేస్తారు?

ఈ సినిమాలు నిలబడేది దానిమీదే. నటుడు కన్ను కొట్టి 'చూశారా, ఎంత పిచ్చిగా ఉందో' అన్నాడంటే మొత్తం కూలిపోతుంది. ఇగుచి తీసిన 'డెడ్ సుషీ' (2012) చూడండి. సుషీ ముక్కలు ప్రాణం పోసుకుని ఎగిరొచ్చి మనుషుల్ని కొరికి చంపుతాయి. హీరోయిన్ రీనా తకెడా నిజంగానే కరాటేలో బ్లాక్‌బెల్ట్. ఎగిరే సుషీని తన్నేటప్పుడు కూడా ఆమె కాలు పోటీలో లేచినంత శుద్ధంగా లేస్తుంది. మిగతా సుషీలన్నీ కలిసి వెలివేసిన గుడ్డు సుషీ ఒకటి ఉంటుంది, అది ఆమె పక్షాన చేరుతుంది. దానితో ఆమె మాట్లాడే తీరులో వెటకారం రవ్వంత కూడా లేదు, చిన్న తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

ఈ శిక్షణ కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకరంగం నుంచి వచ్చిందని నా అభిప్రాయం. అక్కడ ఉద్వేగం పతాకస్థాయికి చేరగానే నటుడు బిగుసుకుని, ఒక కన్ను ముక్కువైపు తిప్పి నిలబడిపోతాడు. దాన్ని 'మియె' అంటారు. పక్కన చెక్కలు టకటకా మోగుతాయి, ప్రేక్షకుల్లోంచి ఒకరు నటుడి వంశం పేరు గట్టిగా అరుస్తారు. మన పౌరాణిక నాటకాల్లో పద్యం చివర రాగం సాగదీస్తుంటే వన్స్‌మోర్ పడినట్టే. అతిని సిగ్గుపడకుండా మోయడం వాళ్లకీ పాత విద్యే, మనకీ పాత విద్యే.

కథ అర్థం కాలేదు. ఎక్కడైనా ఏదైనా వదిలేశానా?

బహుశా లేదు. ర్యుహెయ్ కితముర 'వర్సస్' (2000)లో భూమ్మీద 666 పరలోక ద్వారాలున్నాయని, 444వది జపాన్ అడవిలో ఉందని మొదట్లోనే చెప్పేస్తారు. ఆ అడవిలో పాతిపెట్టిన శవాలు లేస్తాయి, యాకుజాలు కాలుస్తారు, రెండు గంటలు అంతే. తకాషి మీకే తీసిన 'డెడ్ ఆర్ అలైవ్' (1999) దీనికి తిరగేసినది. సినిమా అంతా పోలీసు, గూండా కథగా నేలమీదే నడిచి, చివరి నిమిషాల్లో ఎక్కడికో ఎగిరిపోతుంది. ఎక్కడికో చెప్పను. దానికి రెండు కొనసాగింపులొచ్చాయి, అదే ఇద్దరు హీరోలు, ప్రతిసారీ వేరే మనుషులుగా!

## అలవాటైపోయినవాళ్లకి

ఎవరి పేరు చూసి నమ్మి కూర్చోవచ్చు?

నొబోరు ఇగుచిని ముందు పెడతాను. ఓడిపోయినవాళ్ల మీద ఆయనకున్న జాలి నిజమైనది. 1974 నాటి టీవీ సీరియల్ ఆధారంగా 'కరాటే రోబో జబోర్గర్' (2011) తీశాడు, మోటార్‌సైకిల్ రోబోగా మారే కథ. సగంలో కథ పాతికేళ్లు ముందుకి దూకుతుంది. వయసు మళ్లి, ఎవరికీ పట్టని హీరో తన పాత రోబో కోసం మళ్లీ లేచి నిలబడతాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

కొత్త కొత్త వికృతాకారాలు కావాలంటే నిషిముర. ఒళ్లు హూనమయ్యే ఫైటింగు కావాలంటే నటుడు, దర్శకుడు తాక్ సకాగుచి. ఈ ముగ్గురూ తలొక భాగం తీసిన 'మ్యూటంట్ గర్ల్స్ స్క్వాడ్' (2010) చూస్తే ఎవరి చెయ్యి ఎలాంటిదో తేలిపోతుంది. తకాషి మీకే వందకి పైగా సినిమాలు తీశాడు, అన్నీ నమ్మి కూర్చోవడానికి లేదు.

తాక్ సకాగుచి ఒకే షాట్‌లో 588 మందితో పోరాడాడట. నిజమేనా?

నిజమే. 'క్రేజీ సమురాయ్ ముసాషి' (2020), యుజి షిమొముర దర్శకత్వం. చరిత్రలో పేరున్న ఖడ్గవీరుడు మియమోతో ముసాషి ఒక్కడే యొషియోక గురుకులం మొత్తాన్ని ఎదుర్కొనే ఘట్టం. 77 నిమిషాలు కెమెరా ఆగదు.

ఫైటింగు గొప్పగా ఉంటుందని చూడకండి. పావుగంటకే కదలికలు మళ్లీ మళ్లీ వస్తాయి. అతని అలసట చూడండి. మొదట్లో అడుగులు దూరదూరంగా పడతాయి. అరగంటకి భుజాలు వాలతాయి. తర్వాత నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మధ్యలో నీళ్లు తాగడం, కత్తిని రెండు చేతులతో కాకుండా ఒంటి బరువుతో ఊపడం. చివరికొచ్చేసరికి అక్కడ పాత్ర లేదు, నటన లేదు, నిలబడి ఉండాలని మొండికేసిన మనిషి ఒకడున్నాడు. ఇన్ని సినిమాల్లో నేను చూసిన అతుల్లోకెల్లా పెద్ద అతి ఇదే, ఇందులో అబద్ధం కూడా అన్నిటికంటే తక్కువ.

ఇప్పుడు ఇలాంటివి తగ్గిపోయాయా?

తగ్గాయి. విదేశాల్లో డీవీడీలు అమ్ముడుపోవడం మీద ఆధారపడ్డ సినిమాలివి, ఆ వ్యాపారం పడిపోయేసరికి డబ్బు పెట్టేవాళ్లు పోయారు. కానీ వీటిని పెంచిన ఊరి కథ తెలుసుకోవాలి. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలోని యుబారి ఒకప్పుడు బొగ్గుగనుల ఊరు. గనులు మూతపడుతున్న రోజుల్లో, 1990లో అక్కడ ఫెంటాస్టిక్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. 'టోక్యో గోర్ పోలీస్'కి మూలమైన నిషిముర చిన్న చిత్రానికి 1995లో బహుమతి ఇచ్చింది ఈ పండుగే. 'కిల్ బిల్' దర్శకుడు టరాంటినో కూడా వచ్చి వెళ్లాడు, ఆ సినిమాలో గోగో యుబారి అనే పాత్ర పేరు ఈ ఊరిదే. తర్వాత పురపాలక సంస్థ దివాలా తీసి చేతులెత్తేసింది. ఊళ్లోవాళ్లు పూనుకుని 2008లో పండుగని మళ్లీ నిలబెట్టారు.

## ఇంట్లోవాళ్లతో

పిల్లలతో కలిసి చూడొచ్చా?

వద్దు. పోస్టర్ మీద రోబోలు, స్కూలు యూనిఫాం చూసి మోసపోకండి. జపాన్‌లో రేటింగులు ఇచ్చే సంస్థ ఎయిరిన్. ఆర్15+, ఆర్18+ అని ఉంటే అవి పిల్లలకి కావు. 'జబోర్గర్' లాంటి సరదా వాటిలో కూడా పెద్దవాళ్ల హాస్యం ఉంది.

మా అమ్మానాన్నా చూస్తే 'ఏంట్రా ఈ నరుకుడు' అంటారు. వాళ్లకి ఎలా చూపించాలి?

నరుకుడుతో కాదు, 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' మొదటి సినిమాలోని ఒక దృశ్యంతో మొదలుపెట్టండి. భార్యని శత్రువులు చంపేశారు. తండ్రి పసివాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఒక బంతి, ఒక కత్తి పెడతాడు.

నేను ఇది చూస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. "అన్నప్రాశనా?" అంది. మా ఇంట్లో నా ముందు పుస్తకం, బంగారం, కత్తి, పూలు పెట్టి చూసిన రోజు ఆవిడకి గుర్తుంది. అన్నప్రాశన కాదని చెప్పి సబ్‌టైటిల్ తెలుగులో చదివాను. బంతి పట్టుకుంటే పిల్లాణ్ణి వాళ్లమ్మ దగ్గరికి పంపించేస్తాడు, కత్తి పట్టుకుంటే తనతో తీసుకెళ్తాడు. వాళ్లమ్మ చచ్చిపోయింది కదా అంది. అవునన్నాను.

మా అమ్మ సోఫా అంచున కూర్చుంది. తెరమీద పిల్లాడు పాకడం మొదలుపెట్టాడు. ఆవిడ ముందుకి వంగి, మెల్లగా, వాడికి వినపడాలన్నట్టు అంది: "కత్తి పట్టుకో నాన్నా. కత్తి."